మొగ మూసిన ఇసుక

వేట నిషేధం ముగిసిన మొదటి ఉదయమే నూకయ్య పడవ మా కళ్ల ముందు బోల్తాపడింది.

మా ఊరి వాగు, మా మాటలో గెడ్డ, సముద్రంలో కలిసే చోటుని మేం మొగ అంటాం. అక్కడ ఇసుక మేటవేసి, దాని మీద నీరు మోకాలి లోతే మిగిలింది. పడవ అడుగు మేటకి తగిలి ఆగింది. ఎదురొచ్చిన కెరటం దాన్ని తిరగేసింది. మేటకి అవతల లోతులో పడ్డ నూకయ్యని ఈదుకుంటూ వెళ్లినవాళ్లు ఒడ్డుకు తెచ్చేసరికి ఊపిరి లేదు.

సాయంత్రం మత్స్యశాఖ ఆఫీసు నుంచి ఒకాయన జీపులో వచ్చాడు. మేటని చూసి, "ఇసుక సముద్రం తెస్తుంది. ఇది ప్రకృతి. దీనికెవరూ బాధ్యులు కారు," అన్నాడు. నూకయ్య భార్య లక్ష్మణమ్మ ఆయనకేసి చూసి, మేటకేసి చూసింది.

సముద్రం ఇసుక తెస్తుందన్నది నిజమే. ఎండాకాలంలో అది మొగ మూస్తుంది, వానలకి గెడ్డ తెరుస్తుంది. వాళ్లిద్దరి పోరులో మేం గెడ్డ పక్షం. ఇంటికొక మనిషి చొప్పున పార, తట్ట పట్టుకుని వెళ్లి, గంగమ్మకి పసుపునీళ్లు చల్లి, మేటకి అడ్డంగా కాలువ తవ్వుతాం. పూర్వం మనిషి పట్టేంత సందు చేస్తే చాలు. పోటుకి లోపలికెళ్లిన నీరు తిరిగి లాగేటప్పుడు మిగతాదంతా కోసుకుపోయేది. ఈ నాలుగైదేళ్లుగా ఎంత తవ్వినా పొద్దుగూకేసరికి పూడిపోతోంది. గంగమ్మకి కోపమొచ్చిందన్నారు పెద్దలు. మేం ఇంకా లోతుగా తవ్వాం.

నూకయ్య పెద్దకర్మ అయ్యాక వలలు బాగుచేసుకునే పాకలో ఊరు కూర్చుంది.

"రేపు మళ్లీ తవ్వుదాం," అన్నాడు ఊరిపెద్ద ఎర్రన్న.

"నా వల్ల కాదు మావా," అంది లక్ష్మణమ్మ. "తవ్వీ తవ్వీ నడుం పోయింది. మొగుడూ పోయాడు. ఇన్నేళ్లు తవ్విన ఇసకంతా ఏటయిపోయింది? ఒడ్డున గుట్ట ఒక్కటీ నేదు."

వినోద్ తల వంచుకున్నాడు. అతను రొయ్యల చెరువుల పృథ్వీరాజ్ దగ్గర ట్రాక్టరు నడుపుతాడు. మొగ తవ్విన ప్రతిసారీ ఇసుక ఎత్తడానికి పృథ్వీరాజ్ డబ్బు తీసుకోకుండా ట్రాక్టర్లు పంపేవాడు. మోత తప్పించాడని మేం ఆయనకి దండ కూడా వేశాం.

"సెప్పరా," అన్నాడు ఎర్రన్న.

"పాయ కాడ గట్టుకి పోసినాం మావా. పైన బంకమన్ను ఏసినాం."

గెడ్డలోంచి చీలే ఆ పాయ వెనక పెద్ద పర్ర, ఉప్పునీటి పల్లపు బయలు, ఉండేది. పోటునీరు వెళ్లి నిలిచేది అక్కడే. గట్టు కట్టాక అదంతా పృథ్వీరాజ్ రొయ్యల చెరువులైంది. లోపలికి వెళ్లడానికి చోటులేని నీరు తిరిగొచ్చేదేముంది, ఇసుకని తోసేదేముంది? మొగలోంచి తీసిన ఇసుకతోనే మేం మొగ మూసుకున్నాం.

"దండేసి మరీ," అన్నారెవరో. కొందరు నవ్వారు. ఏడవడానికి ఓపికలేని నవ్వు.

"గట్టు తెంపీడమే," అన్నాడు ఎర్రన్న.

చెరువుల్లో రొయ్యలు ఏరడానికి వెళ్లే గున్నమ్మ లేచింది. "తెంపేస్తే నాకు కూలెవడిస్తాడు? నువ్వు పడవెక్కించుకుంటావేటి?"

"మొగ తెరిస్తే సేపలొస్తాయి. గంపెత్తుకుందువు గాని."

"రాకపోతే?"

"రాకపోతే ఇద్దరం కలిసి పస్తుందాం వదినా," అంది లక్ష్మణమ్మ. "ఇప్పుడు ఒకళ్ల తరవాత ఒకళ్లం ఉంటన్నాం."

గున్నమ్మ కూర్చుంది. ఒప్పుకుందో లేదో తెలియలేదు.

మర్నాడు పోటు నిండే వేళకి పారలన్నీ మొగకి కాకుండా పాయకేసి నడిచాయి. గొణుక్కుంటూనే గున్నమ్మా వచ్చింది. చెరువుల కాపలావాడు మమ్మల్ని చూసి ఫోను తీశాడు.

బంకమన్ను గట్టిపడిపోయింది. దాన్ని దాటితే కింద మాకు తెలిసిన ఇసుకే. గట్టు తెగి నీరు పర్రలోకి పోతున్నప్పుడు ఎవరూ కేకలు వెయ్యలేదు. మిగిలిన గట్టు మీద చతికిలబడి చూశాం. మధ్యాహ్నం నీరు వెనక్కి లాగింది. దూరాన మొగలో మేట అంచులు పెళ్లలు పెళ్లలుగా విరిగి పడుతున్నాయి.

అప్పుడొచ్చింది పోలీసు వ్యాను. వెనక కారులో పృథ్వీరాజ్.

"ఎవరు మొదలుపెట్టార్రా?" అన్నాడు ఎస్సై.

గట్టు మీద కూర్చున్నవాళ్లం కూర్చున్నట్టే ఉన్నాం.

"బాబూ, నిలబడ్డానికి ఓపిక నేదు," అంది లక్ష్మణమ్మ. "ఎక్కిస్తే అందర్నీ ఎక్కించు. కాసేపు కూకుంటాం."

పట్టినంతమందిని ఎక్కించారు. ఎర్రన్న, వినోద్ అందులో ఉన్నారు. లక్ష్మణమ్మకి చోటు దొరకలేదు. మిగిలినవాళ్లం పారలు భుజాన వేసుకుని స్టేషను దారి పట్టాం. సన్నటి రోడ్డు. మేం పక్కకి తప్పుకోలేదు. వ్యాను హారన్ కొట్టి కొట్టి, చివరికి మా వెనకే మా నడకతో వచ్చింది.

దారిలో ఎగువ ఊళ్లో జనం రోడ్డు మీదకొచ్చారు. ఒక ముసలమ్మ లక్ష్మణమ్మ పక్కనే నడుస్తూ సంగతంతా వింది.

"మా కాడా గెడ్డకి అడ్డంగా గట్టేసినారే పిల్లా. ఏటేటా వరి మునిగిపోతన్నాది. మీరొస్తారేటి?"

లక్ష్మణమ్మ పారని రెండో భుజానికి మార్చుకుంది.

"ముందు మావోళ్లని ఇడిసిపెట్టనీ అత్తా. ఎల్లుండొస్తాం. మీ పారలు తీసి ఉంచండి."