ఉతికిన టోపీ

ఆకుపచ్చ టోపీని ఉతకకూడదని మార్లిస్‌కు ఎవరూ చెప్పలేదు. కొడుకు గేలన్ కారు ప్రమాదంలో పోయాక, కాలేజీ హాస్టల్ నుంచి వచ్చిన బట్టల్లో అదీ ఉంది. అన్నిటితో పాటు సబ్బునీళ్లలో ముంచేసింది. మురికి కనిపిస్తే కన్నతల్లి చేతులు ఊరుకుంటాయా!

ఇవాళ ఆ టోపీ పెట్టుకుని, స్టేడియంలో అలాంటి టోపీలే పెట్టుకున్న మొదటి ఏడాది పిల్లల మధ్య కూర్చుంది. గేలన్ గదిలోనే ఉండే రాస్కో పట్టుబట్టి రమ్మన్నాడు.

"ఇదేంటమ్మా, సబ్బు వాసనొస్తోంది?" అన్నాడు రాస్కో.

"ఉతికాను నాయనా. జిడ్డు కారుతుంటేనూ."

వెనక నుంచి ఓ పిల్ల అందుకుంది. "అయ్యయ్యో! ఈ ఆట గెలిచేదాకా ఉతక్కూడదండీ, అదృష్టం కొట్టుకుపోతుంది!"

"నోర్ముయ్ బెవర్లీ" అని కసిరాడు రాస్కో.

అదృష్టం ఎవరిక్కావాలి? ఆ జిడ్డులో ఉన్నది తన పిల్లాడి చెమట. దిండు గలీబుతో సహా అన్నీ ఉతికేసింది. ఇంట్లో వాడి వాసన ఇక ఎక్కడా లేదు.

నది అవతలి కాలేజీ మీద గెలిస్తే ఈ టోపీలన్నీ గాల్లోకి విసరాలి, దాంతో కొత్తవాళ్లన్న ముద్ర పోతుంది. ఎవరికి ఏది దొరికితే అది వాళ్లది. ఓడితే మంచు పడేదాకా నెత్తిన మోయాల్సిందే. అంతమందిలో ఓడిపోవాలని మొక్కుకున్నది మార్లిస్ ఒక్కతే. ఉతికినదైతేనేం, వాడి టోపీ దక్కుతుంది కదా!

పాడు గెలుపు! ఆఖరి నిమిషంలో తన్నిన బంతి గోల్ స్తంభాల మధ్య నుంచి దూసుకుపోయింది. ఆకాశం నిండా టోపీలే.

"విసురమ్మా! లేకపోతే వాడెప్పటికీ ఫస్టియర్లోనే ఉండిపోతాడు!" ఏడుస్తూ అరిచాడు రాస్కో.

ఎలాగూ ఉండిపోయాడుగా నాయనా, అనుకుంది. అయినా కళ్లు మూసుకుని విసిరేసింది.

ఒళ్లో ఎవరిదో టోపీ వచ్చి పడింది. అట్టలా బిగుసుకుపోయి ఉంది. ఎందుకో ముక్కుకు ఆనించుకుంది. తలనూనె, చెమట, ఎండలో తిరిగొచ్చిన మగపిల్లాడి వాసన. అచ్చం గేలన్ వాసనే. ఇక ఏడుపు ఆగలేదు.

రాస్కో మెట్లన్నీ వెతికి, సబ్బు వాసన పట్టుకుని ఆమె టోపీని తెచ్చాడు. "ఇదిగోనమ్మా, మనవాడిది. ఆ కంపు టోపీ ఇలా ఇచ్చెయ్."

"అది నువ్వుంచుకో నాయనా. నాకిది చాలు."

"ఎవడిదో ఏమో! ఇంటికెళ్లి శుభ్రంగా ఉతుక్కో మరి."

"ఉతకను" అంది మార్లిస్, టోపీని రెండు చేతులతో మొహానికి అదుముకుని.