ఎండ దూరిన సందు

ఫోన్లు బాగుచేసే ఆమె ఆకుల ఆరోగ్యం చెప్పే పరికరం ఒకటి తయారుచేసింది. బట్టలారేసే క్లిప్పుకు లోపల ఒకవైపు రెండు చిన్న దీపాలు, రెండోవైపు వెలుతురును కొలిచే గింజంత ముక్క. మధ్యలో ఆకు పెట్టి మీట నొక్కితే అంకె పడుతుంది. నలభై దాటితే ఆకులో పచ్చదనం నిండుగా ఉన్నట్టు, తగ్గితే ఎరువు చాలనట్టు.

మొదటి పరీక్ష అక్కావాళ్ళ టమాటా తోటలో, మిట్టమధ్యాహ్నం. ఏ ఆకుకు పెట్టినా ఇరవై ఎనిమిది దాటలేదు.

"మొక్క నిగనిగలాడుతుంటే నీరసమంటావేంటి? ముందు నీ క్లిప్పుకి కళ్ళజోడు కొనిపెట్టు," అన్నాడు బావ.

"కంటికి కనబడేసరికి ఆలస్యమైపోతుంది బావా."

అక్క చెల్లెలి పక్షం చేరింది. అక్కాచెల్లెళ్ళది ఒక మాటైతే బావ ఇంకో మాట ఎత్తడు. ఆరు సాళ్ళకు ఎరువు దిట్టంగా వేశాడు. వారం తిరక్కుండా ఆ ఆరు సాళ్ళలోనూ ఆకుల అంచులు మాడిపోయాయి.

ఆమె ఒక ఆకును బల్లమీద పెట్టి, కిటికీ తెరిచి కొలిచింది, మూసి కొలిచింది. ఒకే ఆకుకు రెండు అంకెలు. క్లిప్పు సందులోంచి బయటి ఎండ లోపలికి దూరి అంకెను తగ్గిస్తోంది. తోటకు ముందు ఏ లోటూ లేదు; వేసిన ఎరువే ఎక్కువై ఆకులు మాడాయి.

అప్పటికే బావ తనకు కల్తీ ఎరువు అంటగట్టారని తేల్చుకుని, కొట్టువాడితో తగువుకు చొక్కా తొడుక్కుంటున్నాడు. ఆమె నోరు మెదపకుంటే అక్కడికి సరిపోయేది. గుమ్మంలో నిలబడి చెప్పేసింది.

"ఎరువు మంచిదే బావా. నా క్లిప్పే తప్పు చెప్పింది. సరిచూసుకోకుండా మిమ్మల్ని తొందరపెట్టింది నేనే."

బావ చేతులు గుండీల దగ్గరే ఆగిపోయాయి. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. నాలుగు తిట్టినా బావుండుననిపించింది ఆమెకు.

"పద, నీళ్ళు వదులుదాం," అన్నాడు. "ఎక్కువైంది కిందికి దిగిపోతే కొన్నైనా బతుకుతాయి."

మూడు రోజులు తడిపారు. నాలుగు సాళ్ళు తేరుకున్నాయి. రెండు పీకేశారు. పీకిన మొక్కలను గట్టుమీదికి ఆమే మోసింది.

తర్వాత పాత సైకిల్ ట్యూబు కోసి క్లిప్పు అంచులకు సందు లేకుండా అంటించింది. పది రోజులపాటు, దారం కట్టి గుర్తుపెట్టుకున్న ఆకులనే పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కొలిచి కాగితం మీద రాసుకుంది. నలభై ఒకటి, నలభై రెండు, నలభై ఒకటి. ఎండ ఎంత ముదిరినా అంకె చలించలేదు.

ఆ కాగితం బావ పైనుంచి కిందిదాకా చదివాడు.

"సరే. వచ్చే పంటకి ఒక్క సాలు నీది. మిగతాది నా కళ్ళకి వదిలెయ్."

"రెండివ్వండి బావా. పక్కన ఇంకోటి లేకపోతే దేంతో పోల్చను?"

"అడగడానికి మొహమాటమైనా లేదే నీకు!"

అన్నాడు గానీ, నారు నాటిన రోజు చివరి రెండు సాళ్ళ మొదట్లో ఆయనే ఆమెకోసం గుర్తుగా కర్రలు పాతాడు.