గట్టయ్య స్నానం, శాంతి మిషను

మా డోర్నకల్‌లో గట్టయ్య ఇంటి కరెంటుకు ఉన్న బద్ధకం దున్నపోతుకు కూడా ఉండదు. బల్బు వెలిగిందో లేదో చూడాలంటే అగ్గిపుల్ల గీయాలి. నమ్మకపోతే పక్కింట్లో ఉండే నన్నే అడగండి, ఇంకో రెండు కలిపి చెబుతాను.

ఈ ఎండాకాలం ఆ బద్ధకం గట్టయ్య కోడలు శాంతి మెడకు చుట్టుకుంది. తెల్లారితే ఈస్టరు. చర్చిలో పాటలు పాడే ఆడపిల్లల జాకెట్లన్నీ మొదటిసారి ఆమెను నమ్మి కుట్టమని ఇచ్చారు. సగం వాటికి ఇంకా చేతులే పడలేదు. కరెంటు మిషనేమో మూలుగుతోంది కానీ సూది కదలదు.

ఎలక్ట్రీషియన్ రాజేందర్ వచ్చి బోర్డులో టెస్టర్ పెట్టాడు. ఎర్రగా వెలిగింది.

"కరెంటు మంచిగనే వస్తున్నదక్కా. గోడలల్ల వైరు యాడనో పాడైంది. పండుగైనంక పలగ్గొట్టి చూద్దాం."

"పండుగైనంక నాకెందుకు తమ్మీ? పొద్దుగాల పిల్లలు ఏం తొడుక్కుంటరు?"

"నా ఇల్లు పలగ్గొడ్తవా? ఈ వైరింగు నా చేతులతోని చేసిన!" అని గట్టయ్య అలిగి, తువ్వాలు భుజాన వేసుకొని పెరట్లోకి స్నానానికి పోయాడు.

"అవునవును, నువ్వు కరెంటు పెట్టిన బాయిల చేపలు ఉడికే పైకి తేలినయి!" అన్నాను.

"పులుసు తిన్నది నువ్వే గదరా!" అని పెరట్లోంచి జవాబు.

అంతలో మిషను పరుగందుకుంది. శాంతి ఒక చేయి కుట్టేసింది. రెండోది సగంలో ఉండగా మళ్లీ మూలుగు. ఆమె చెవులు రిక్కించింది. పెరట్లో నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

"మామా, ఇంకో నాలుగు చెంబులు పోసుకో!"

"పిచ్చి లేసిందా ఏందే?"

"పోసుకోరాదూ, చెప్త!"

నీళ్లు పడ్డాయి. సూది కదిలింది. నేను చప్పట్లు కొట్టబోయాను. రాజేందర్ మాత్రం "బాపూ, నీళ్లల్లకెళ్లి బయటికి రా!" అని అరుస్తూ మెయిన్ స్విచ్ దించాడు. గట్టయ్య సబ్బు నురగతోనే గెంతాడు.

అందరం పెరట్లోకి పరుగెత్తి చూస్తే, స్నానాల బండ పక్కన భూమిలో ఒక ఇనుప కడ్డీ ఉంది. ఇంట్లోంచి వచ్చిన వైరు దానికి చుట్టి ఉంది.

"గిదేంది బాపూ?"

"మీటరు కాడ ఒక వైరు ఎలుకలు కొరికినయి. బాయికాడ రెండో వైరు లేకుంటే కడ్డీ పాతి బల్బు వెలిగించుకుంటం గద, ఇంటికీ గట్లనే పెట్టిన. వానకాలం మంచిగ వెలిగేది."

అదీ సంగతి. వచ్చిన కరెంటు తిరిగి పోవడానికి నేలే దారి. ఎండలకు నేల ఎండిపోతే దారి మూసుకుపోయింది, తడిస్తే తెరుచుకుంది. గట్టయ్యకు స్నానం మీదున్న ప్రేమ తెలిసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, ఆ ఇంట్లో ఆ మాత్రం వెలుగుండటమే గొప్ప.

"ఇన్నొద్దులు నిన్ను కరెంటు కొట్టకపోవుడు దేవుని దయ" అంటూ రాజేందర్ కడ్డీకున్న వైరు పీకేసి, మీటరు నుంచి కొత్త వైరు లాగాడు. ఒక్క గోడా పగలలేదు. మెయిన్ ఎత్తగానే వచ్చిన వెలుగుకు మా కోడిపుంజు తెల్లారిందనుకొని కూసింది. ఇక మిషను ఆగలేదు. దాని మోత అంత దూరాన ఉన్న కురవి ఊరి దాకా వినబడిందని నేను అందరికీ చెబుతున్నాను.

పొద్దున చర్చిలో పిల్లలంతా పసుపుపచ్చ జాకెట్లలో వరుసగా నిలబడ్డారు. ఎవరు కుట్టారని పాస్టరమ్మ అడిగేలోపే గట్టయ్య లేచాడు.

"మా కోడలే! ఇంట్ల కరెంటు దొంగను పట్టింది గూడ ఆమెనే!"

"దొంగ ఎవరో గూడ చెప్పరాదూ!" అన్నాను.

చర్చంతా నవ్వింది. శాంతి మాత్రం తలెత్తి అందరికంటే ముందు పాట అందుకుంది.