పూట తప్పని నంబరు

మీనాకుమారికి పట్టుదల ఎక్కువ. మండపేటలో ఆ వీధివాళ్ళని ఎవరినడిగినా ఆ మాట చెబుతారు. ఫలానా పని పూట తప్పకుండా చెయ్యాలని ఆవిడకి ఎవరైనా చెప్పారో, ఇక ఆ పని చచ్చినట్టు జరగాల్సిందే. కాపురానికొచ్చిన ముప్పై ఏళ్ళలో ఆ ఇంట్లో పొద్దుటి దీపం ఒక్కరోజు తప్పలేదు. తనకు వీలుకాని రోజుల్లో భర్త జగన్నాథరావు చేత వెలిగించేది. కోడలు పూజిత వచ్చాక కోడలి చేత వెలిగించేది. ఎవరి చెయ్యి అన్నది కాదు, దీపం వెలిగిందా లేదా అన్నదే ముఖ్యం అనేది. దీపం వరకూ ఆ మాట నిజమే. వచ్చిన చిక్కల్లా ఆవిడ బీపీ మిషనుని కూడా దీపంలాగే చూడటం.

ఆ సోమవారం పొద్దున్న కూడా హాల్లో సోఫా మీద కూర్చుని, ఎడమచేతికి పట్టీ చుట్టుకుని మీట నొక్కింది. పట్టీ బిగుసుకుని మెల్లగా వదిలింది. నూట పదహారు, డెబ్భై నాలుగు. ఆ రెండు నంబర్లనీ ఫోనులో కోడలి పేరు కింద కొట్టి పంపేసింది. యాభై దాటినా నాది పడుచుపిల్ల బీపీయే అని లోపల్లోపల మురిసిపోయింది కూడా. పంతొమ్మిది రోజులుగా, రెండు పూటలా ఇదే వరస.

మిషను ఆవిడది కాదు, రాజమండ్రిలో పూజితని చూస్తున్న ఆస్పత్రివాళ్ళది. అయిదో నెల నిండేసరికి పూజితకి బీపీ వచ్చింది. అలాంటి గర్భిణులు ఇంటి దగ్గరే రోజూ చూసుకుని ఫోనులో పంపిస్తే, మాటిమాటికీ ఆస్పత్రికి వచ్చినంత భద్రంగా ఉంటుందా ఉండదా అని అక్కడి డాక్టర్లు పరిశోధన చేస్తున్నారు. పూజిత చేరతానంది. ఆ పరిశోధన పనులు చూసే నర్సు నాగదుర్గ ఇంటికొచ్చి, కాగితాలు పరిచి, గంటసేపు ఒక్కో ముక్కా విడమరిచి చెప్పింది. ఆ గంటలో ముప్పావు గంట మీనాకుమారి వంటింట్లోనే ఉంది. ఇంటికొచ్చిన మనిషిని ఉత్త కాఫీతో పంపిస్తామా అని పెసరట్లు పోస్తోంది. ప్లేటు పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి చెవినపడింది ఆఖరి ముక్క ఒక్కటే. రెండు పూటలా పంపాలట, ఒక్క పూట కూడా తప్పకూడదట.

ఆవిడకి అది చాలు. కడుపుతో ఉన్న పిల్ల ఆ ఫోను మొహం అస్తమానం చూడకూడదని, పంపే యాప్ తన ఫోనులోనే పెట్టించుకుంది. మొదట్లో పూజిత కట్టుకునేది, ఈవిడ పంపేది. అంతా సవ్యంగానే నడిచింది.

ఏడో నెలలో సీమంతం చేసి, పూజిత తల్లి రామతులసి కూతుర్ని కొవ్వూరు తీసుకెళ్ళింది. కారులో చలిమిడి, చీరలు, పళ్ళూ సర్దుతుంటే పూజిత మిషను పెట్టె కూడా ఎక్కించబోయింది. మీనాకుమారి ఒప్పుకోలేదు. ఒడి నింపి పంపుతూ ఆ పక్కనే ఆస్పత్రి సామానేంటి, శుభమా అని అడ్డంపడి, తరవాత మహేంద్ర చేత పంపిస్తానంది. మహేంద్ర ఆవిడ కొడుకు. మెయిన్ రోడ్డులో స్టీలు సామాను కొట్టు చూసుకుంటాడు. పెళ్ళిళ్ళ రోజులేమో, తల ఎత్తే తీరిక లేదు. ఆ సాయంత్రమే ఫోను టింగుమంది, ఈ పూట రీడింగు రాలేదని. ఎదురుగా మిషనుంది, చేతిలో ఫోనుంది, పూట దాటిపోతోంది. ఆవిడ పట్టీ తన చేతికి కట్టుకుంది.

తప్పు చేస్తున్నానని ఆవిడకి తోస్తే కదా! పరిశోధన అంటే వాళ్ళ పుస్తకంలో గళ్ళు నింపుకోవడం అనుకుంది. గడి ఖాళీ లేకపోతే వాళ్ళకీ తృప్తి, మనకీ మాట దక్కుతుంది. పూజిత ఫోనులో మిషను ఊసెత్తితే, అది నేను చూసుకుంటున్నాలేమ్మా నువ్వు హాయిగా పడుకో అంది. అత్తగారు నర్సుతో మాట్లాడేసిందని పూజిత అనుకుంది.

పది రోజుల కిందట నాగదుర్గ ఫోను చేసి, నంబర్లు బాగా తగ్గాయి, బీపీకి వేసుకునే రాత్రి మాత్ర ఆపెయ్యమన్నారు డాక్టరుగారు అని చెప్పింది. పూజితకి ఓసారి ఫోనిమ్మంటే, ఆ పిల్ల పడుకుందని మీనాకుమారి చెప్పింది. అబద్ధం కాదు, కొవ్వూరులో ఆ వేళప్పుడు పడుకునే ఉంటుంది. పనిలో పనిగా, ఎనిమిదో నెలలో ప్రయాణాలు మాకు పట్టింపు, చూపించుకోవడం కాస్త వెనక్కి జరపొచ్చా అని అడిగింది. నంబర్లు ఇంత బాగున్నాయి కాబట్టి ఇంకో రెండు వారాలు, అంటే ఈ శుక్రవారం దాకా ఆగొచ్చంది నర్సు. మాత్ర కబురూ, శుక్రవారం కబురూ రెండూ కొవ్వూరుకి చేరవేసి, మీనాకుమారి తన సమర్థతకి తనే సంతోషించింది.

ఆ సోమవారం తొమ్మిదింటికి మళ్ళీ నాగదుర్గే చేసింది, శుక్రవారం మర్చిపోవద్దని. మొత్తం స్టడీలో ఒక్క పూట కూడా తప్పని మనిషి మీ కోడలుగారేనని మెచ్చుకుంది. మీనాకుమారి మొహం వెలిగిపోయింది. ఆ తరవాత నాగదుర్గ మామూలుగానే ఇంకో మాట అంది.

"మీకేం భయం లేదాంటీ. నూట యాభై దాటిందంటే నా స్క్రీను మీద ఎర్రగా వచ్చేస్తుంది, ఆ నిమిషమే మిమ్మల్ని రప్పించేస్తాం. ఆ నంబర్లు చూసే కదండీ, మాత్ర కూడా తగ్గించారు."

ఫోను పెట్టేశాక కూడా మీనాకుమారి దాన్ని చెవి దగ్గరే పట్టుకుని కూర్చుంది. ఏ నంబర్లు చూసి? ఎవరి నంబర్లు చూసి? కోడలికి మాత్ర ఆపించింది డాక్టరు కాదు, తన ఎడమచెయ్యి. ఎర్రదీపం వెలగకుండా రెండు పూటలా అడ్డం కూర్చున్నది తనే. మంచినీళ్ళు తాగుదామని లేచి, వంటింట్లోకి వెళ్ళి, ఎందుకొచ్చిందో మర్చిపోయి నిలబడింది.

పూజితకి వీడియో కాల్ చేసింది. తెర మీద కనబడ్డ మొహం చూసి ముందు పోల్చుకోలేకపోయింది. రెప్పలు ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. వేలికున్న ఉంగరం మూడు రోజులుగా రావట్లేదంది పూజిత. తెల్లవారుజాము నుంచి తల పగిలిపోతోందట, అమ్మ అమృతాంజనం రాసిందట. డొక్కలో కుడివైపు పోటు, గ్యాసేమోనంది. చివరికి, "కళ్ళ ముందు ఏవో మినుకు మినుకుమంటున్నాయి అత్తయ్యగారూ, మీరు సరిగ్గా కనబడట్లేదు" అంది.

మీనాకుమారి వెంటనే రామతులసిని పిలవమంది. ఇప్పుడే బయలుదేరి రాజమండ్రి తీసుకెళ్ళండి వదినగారూ అంది. ఎందుకో మాత్రం చెప్పలేదు. ఇక్కడే ఉంది మనిషి గుట్టంతా. చెప్పకుండా పని జరిగిపోతే, పరువుకి పరువు, పిల్లకి పిల్ల దక్కుతాయని మనసు మూల ఒక ఆశ.

రామతులసి నవ్వింది. నీరు పట్టడం కొత్తా వదినగారూ, నాకూ ఇది కడుపులో ఉన్నప్పుడు ఇలాగే పట్టింది అంది. ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్నదాన్ని గోదారి దాటించడం ఏంటి, ఎలాగూ శుక్రవారం తప్పదు కదా, అప్పుడే తీసుకెళ్దాం అంది. పైగా, బీపీ బ్రహ్మాండంగా ఉంది, మాత్ర కూడా ఆపేశారు అని చెప్పింది మీరే కదండీ అని గుర్తు చేసింది. మీనాకుమారి ఏ మాటతో వాళ్ళకి ధైర్యం చెప్పిందో ఆ మాటే ఇప్పుడు తలుపుకి అడ్డంపడి కూర్చుంది. ఇంకెవరూ దాన్ని తియ్యలేరు.

ఎదురుగా సోఫా మీద మిషను ఉంది. పట్టీ ఇంకా ఆవిడ చేతికి చుట్టిన ఆకారంలోనే ఉంది. ఇప్పుడు నోరు విప్పితే వియ్యపురాలి ముందు, కొడుకు ముందు, వీధిలో, జన్మంతా తల ఎత్తుకోలేదు. విప్పకపోతే ఆ పిల్ల? కడుపులో ఉన్న పిల్ల? ఆవిడకి జన్మలో అంత భయం వెయ్యలేదు.

"ఆ నంబర్లు పూజితవి కాదు వదినగారూ" అంది. "మిషను ఇక్కడే ఉంది. పంతొమ్మిది రోజుల నుంచీ నా చేతికి కట్టుకుని పంపిస్తున్నాను. దాని బీపీ ఎంతో ఎవరికీ తెలీదు. మీ కాళ్ళు పట్టుకుంటాను, బండి ఎక్కించండి."

స్పీకర్లో ఉన్న మాట పక్కన పడుకున్న పూజిత కూడా విందని, ఆ పిల్ల ఊపిరి గట్టిగా పీల్చిన చప్పుడుతో తెలిసింది. రామతులసి ఫోను పెట్టేసింది.

మీనాకుమారి వెంటనే నాగదుర్గకి చేసి అదంతా మళ్ళీ చెప్పింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే తేలికేం కాలేదు. నాగదుర్గ, "తిట్టడానికి టైము లేదాంటీ. ఎక్కడున్నారు ఆవిడ, తలనొప్పి ఉందా, చూపు ఎలా ఉంది?" అని గబగబా అడిగింది. అన్నీ విని, క్యాజువాలిటీ గేటు దగ్గర నేనుంటాను, ఇంజెక్షను సిద్ధంగా పెట్టిస్తాను అని చెప్పి పెట్టేసింది.

జగన్నాథరావు కొట్టుకి వెళ్ళబోతున్నవాడల్లా కారు తీశాడు. దారిలో ఆవిడ అతనికీ చెప్పింది. అతను రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పలేదు. రైసుమిల్లుల దగ్గర ధాన్యం లారీలు రోడ్డుకి అడ్డంగా వెనక్కి తిరుగుతున్నాయి. ఒక్కోటీ తిరిగేదాకా ఆగడం, ఆవిడ ఫోను చూసుకోవడం. కొవ్వూరులో ఎక్కారా, ఎక్కలేదా? అరగంటకి రామతులసి నుంచి ఒకే ఒక్క మెసేజి వచ్చింది, బ్రిడ్జి ఎక్కాం అని. ఆ తరవాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. గంట మోగి మోగి ఆగిపోయేది. ఎప్పుడు కొవ్వూరు వెళ్ళినా బ్రిడ్జి రాగానే గోదారికి దండం పెట్టుకుని నాణెం వేసే మనిషి మీనాకుమారి, ఆవేళ ఇంట్లోంచి పర్సు కూడా తెచ్చుకోలేదు. బ్రిడ్జి మీద ఏమైంది? ఆ నీళ్ళ మీద, ఆ పొడుగాటి వంతెన మీద, బండిలో ఏమైంది? తల్లీ గోదారమ్మా, దాటించెయ్యి, దాటించెయ్యి అని గొణుక్కుంటూనే ఉంది రాజమండ్రి వచ్చేదాకా.

బ్రిడ్జి సగంలో పూజితకి ఫిట్సు వచ్చాయి. పళ్ళు కరుచుకుపోయి, కళ్ళు తేలేసి, తల్లి ఒళ్ళో కొట్టుకుంటుంటే రామతులసి ఫోను ఎలా ఎత్తుతుంది! గేటు దగ్గర నాగదుర్గ స్ట్రెచర్తో నిలబడి ఉంది. బీపీ నూట డెబ్భై ఎనిమిది, నూట పద్ధెనిమిది. మీనాకుమారి మేడమెట్లు ఎక్కి పైకి వచ్చేసరికి ఆపరేషను థియేటరు తలుపు మూసేశారు. బెంచీకి ఆ చివర రామతులసి కూర్చుంది. ఆమె గుండెలు బాదుకోలేదు, శాపనార్థాలు పెట్టలేదు. తన చీర కొంగుకి కూతురి నోటి నుంచి అంటిన నెత్తురు చూసుకుంటూ ఉంది. ఆ కొంగు చూశాక మీనాకుమారి దగ్గరికి వెళ్ళలేక ఈ చివరే కూలబడింది.

ఆడపిల్ల పుట్టింది. కేజీ ఆరొందల గ్రాములు. అద్దాల పెట్టెలో పెట్టారు. పూజితకి మాత్రం తెలివి రాలేదు. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు. మహేంద్ర వచ్చాడు, తల్లి పక్కన కూర్చోలేదు. మీనాకుమారికి ఇంటికి వెళ్ళమని ఎవరూ చెప్పలేదు, ఉండమనీ చెప్పలేదు. ఆవిడ నోట్లో మెతుకు పెట్టలేదు. పిల్ల దక్కుతుందా అని ఎవరినైనా అడగాలన్నా, అడిగే హక్కు తనకుందా అని భయం.

మర్నాడు సాయంత్రం నాగదుర్గ కాగితాలు తెచ్చి పక్కన కూర్చుంది. పంతొమ్మిది రోజుల నంబర్లు వరసగా అచ్చయి ఉన్నాయి. ఇవి స్టడీలోంచి తీసెయ్యాలి ఆంటీ, ప్రతి వరసకీ ఎదురుగా ఇది నాది అని రాసి సంతకం పెట్టాలి అంది. నేను కూడా పూజితగారి గొంతు వినకుండానే నమ్మేశాను, అది నేనూ రాసిచ్చాను అని నెమ్మదిగా చెప్పింది. మీనాకుమారి పెన్ను తీసుకుంది. నూట పదహారు, నాది. నూట పద్నాలుగు, నాది. నూట పద్ధెనిమిది, నాది. ముప్పై ఎనిమిదిసార్లు రాసింది. ఒక్క పూట కూడా తప్పలేదు. అన్ని వరసల్లోనూ ఆ పిల్లది ఒక్క నంబరు లేదు.

మూడో రోజు పదింటికి పూజిత కళ్ళు తెరిచిందని కబురొచ్చింది. ముందు రామతులసి వెళ్ళింది, తరవాత మహేంద్ర. ఆఖర్న మీనాకుమారి గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి అడుగు పడక అక్కడే ఆగిపోయింది. నర్సు పూజిత చేతికి పట్టీ చుట్టి మీట నొక్కింది. అదే చప్పుడు. అది వినగానే మీనాకుమారి ఎడమచెయ్యి తనంతట తనే చీర కొంగులోకి దాక్కుంది.

"నూట ముప్పై ఆరు, ఎనభై ఎనిమిది" అని నర్సు పైకి చదివింది.

పూజిత తల తిప్పలేదు. నాలుక కరుచుకున్న నోటితో మాట ముద్దముద్దగా వచ్చింది.

"నాదేనా అండీ?"

నర్సుకి అర్థం కాలేదు, నవ్వి ఊరుకుంది. పూజిత మళ్ళీ అడిగింది. ఈసారి గుమ్మం వైపు చూసి అడిగింది.

"నీదేనమ్మా" అంది మీనాకుమారి.

పూజిత ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసింది. తరవాత నర్సు వైపు తిరిగి, ఇంకోసారి చూడమని చెయ్యి చాపింది.