వంతెన మీద తూలుబాబు

మొగుడి మీద ఆమెకున్న ఫిర్యాదు పెద్దదేం కాదు. ఒక్క మనిషిని తిన్నగా నిలబెట్టడం ఆయనకి పదకొండేళ్ళుగా చేతకాలేదు, అంతే. కూతురు పదకొండో నెలలో, ఎవరూ నేర్పకుండానే, కుర్చీ కోడు వదిలేసి వంటింటి దాకా నడిచొచ్చింది. ఆయన కంప్యూటర్లో కడుతున్న ఆటలోని వాడు మాత్రం ఈనాటికీ రెండడుగులు వేసి, మూడో అడుగుకి మోకాళ్ళు మడిచి కూలబడతాడు.

వాడికి ఆయన పెట్టిన పేరు వేరే ఉంది, వీరుడికి తగ్గట్టు నాలుగక్షరాలది. ఆమె తూలుబాబు అంటుంది. ఇంట్లో ఆ పేరే ఖాయమైపోయింది. ఆయన కూడా ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ ఓసారి నోరు జారి అదే అనేశాడు. ఆ తర్వాత రెండు రోజులు ముఖం గంటుపెట్టుకు తిరిగాడు.

ఆట కథ చిన్నదే. పాడుబడ్డ కోటలోకి ఒకడు కత్తీ లాంతరూ పట్టుకుని వెళతాడు. అడ్డొచ్చిన దొంగల్ని కొట్టి, విరిగిన వంతెన దాటి, బురుజు మీద దీపం పెట్టాలి. వేరే ఆటల్లో అయితే ఒక కీ నొక్కితే మనిషి నడుస్తాడు. ఇందులో కాలికొక కీ, మోకాలికొక కీ, భుజానికొకటి, పిడికిలికొకటి. ఎడమ కాలూ ఎడమ చెయ్యీ కీబోర్డులో ఎడమ సగానివి, కుడివి కుడి సగానివి. కత్తి విసిరితే కత్తి వెంట వాడూ వెళ్ళిపోతాడు. దొంగ నెత్తిన పడాల్సిన స్తంభం వెనక్కి వాలి వీడి నెత్తినే పడుతుంది. ఒకసారి తలుపు తీయబోతే అది ఊడొచ్చి, తలుపూ తూలుబాబూ జంటగా ఆకాశంలోకి వెళ్ళారు. ఇప్పటికీ తిరిగి రాలేదు.

ఆమె డిగ్రీలో ఫిజిక్సు చదివింది, ఫస్టు క్లాసు కూడా తెచ్చుకుంది.

"నేను చదువుకున్న గురుత్వాకర్షణకీ మీ ఇంటి గురుత్వాకర్షణకీ ఏ వరసా కలవడం లేదండీ," అనేది.

"అది నా తప్పు కాదు. వాడు రాసి పోయింది," అనేవాడు ఆయన.

వాడంటే ఆయన తమ్ముడు. ఆట మొదలుపెట్టింది ఇద్దరూ కలిసి. రూపాలూ, కోటా, దొంగల ముఖాలూ అన్నవి. బరువులూ, పడటాలూ, ఊగటాలూ తమ్ముడివి. ఆమె కాపురానికి వచ్చేసరికే ఇద్దరూ కిటికీ లేని ఆ స్టోర్ రూములో భుజాలు రాసుకుంటూ ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని ఉండేవారు. వంటింట్లోకి వాళ్ళ గొంతులే వినిపించేవి. "నీది... నాది... నీది... నాదిరా, ఆగు!" ఇంతింత మగవాళ్ళు పిల్లల్లా పోట్లాడుకుంటారేమిటా అనుకునేది. ఆ వెంటనే ఇద్దరూ పగలబడి నవ్వేవారు. ఆ నవ్వు ఆమెకి గిట్టేది కాదు. అందులో ఆమెకి చోటు లేదు మరి.

ఆరేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం మరిది వెళ్ళిపోయాడు. ఉద్యోగం దొరికిందన్నాడు. అన్న బయట నుంచి వచ్చేసరికి సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇప్పుడు వేరే ఊళ్ళో లిఫ్టుల కంపెనీలో పని. వస్తువులు ఎలా పడాలో ఐదేళ్ళు రాసినవాడు, మనుషులు పడకుండా చూసుకుంటూ బతుకుతున్నాడు. అన్న ఆ రోజు నుంచీ అతనితో మాట్లాడలేదు. ఎవరైనా అడిగితే ఒకటే మాట: "సగంలో వదిలేసి పోయాడు."

ఆ మాట వినపడినప్పుడల్లా ఆమె ఏదో పని కల్పించుకుని అక్కడి నుంచి లేచేది. ఎందుకంటే అతను వదిలేసి పోలేదు. ఆమే పొమ్మంది.

ఆ రోజు ఆయన లేని సమయం చూసి, మంచం మీద బట్టలు మడతపెడుతూ చెప్పింది. గొంతు పెంచలేదు, ఒక్క పరుషమైన మాట లేదు. చదువుకున్నది కదా. "మీ అన్నయ్యకి సంసారం ఉంది. నీ దారి నువ్వు చూసుకుంటే నీకూ మంచిది. ఆ కంప్యూటర్ ముందు నుంచి నువ్వు లేస్తే ఆయనా లేస్తారు. నేనన్నానని మాత్రం చెప్పకు." మరిది చేతిలో టీ గ్లాసు ఉంది. "సరే వదినా," అన్నాడు. టీ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి బోర్లించి, సంచి తీసుకున్నాడు.

అతను లేచాడు. ఆయన లేవలేదు. ఇంకా గట్టిగా కూర్చున్నాడు.

ఆరేళ్ళుగా మరిది ఆ మాట దాచాడు. ప్రతి ఏడూ పిల్ల పుట్టినరోజుకి ఆమె ఫోనుకే ఒక మెసేజ్ పెడతాడు: "బుజ్జిదానికి బాబాయి ఆశీస్సులు. అందరూ బాగున్నారా వదినా?" అందరూ బాగున్నారని ఆమె జవాబిస్తుంది.

అతను వెళ్ళిన నెలకి, ఆయన కొత్తగా ఏ మార్పు చేసినా ముందుగా ఆడి చూసే పని ఆమె నెత్తిన వేసుకుంది. ఉన్నట్టుండి ఈ శ్రద్ధ ఎందుకని ఆయన అడగలేదు. సరుకుల చీటీలు రాసుకునే పుస్తకంలో వెనక పేజీల నుంచి తప్పులు రాసిపెట్టేది. "దొంగ చచ్చాక కూడా గోడకి తల కొట్టుకుంటున్నాడు." "లాంతరు నా కంటే బరువుంది." "నిచ్చెన ఎక్కబోతే నిచ్చెనే నన్ను ఎక్కింది." స్టోర్ రూములో రెండో కుర్చీ మీద ఎప్పుడూ మడతపెట్టాల్సిన బట్టలు వేసి ఉంచేది. ఖాళీ కుర్చీ కనిపించకుండా.

ఇక ఈ నెల సంగతి. ఆటని అమ్మిపెడతామన్న కంపెనీ వాళ్ళు ఉత్తరం రాశారు: బొమ్మలు బాగున్నాయి, కోట బాగుంది, మనిషి మాత్రం నడవడం లేదు, నెలాఖరులోగా నడక మార్చకపోతే మాకొద్దు. ఆయన ఆ ఉత్తరాన్ని మూడు సార్లు చదివి భోజనానికి కూర్చున్నాడు.

"సోమవారం వాడు రాసిందంతా తీసేస్తున్నా," అన్నాడు కంచంలోకి చూస్తూ. "రెడీమేడ్ నడక దొరుకుతుంది. తెచ్చి అతికిస్తా. అందరి ఆటల్లో నడిచినట్టే నడుస్తాడు."

"తీసేస్తే మళ్ళీ తెచ్చుకోగలరా?"

"ఎందుకూ తెచ్చుకోవడం? చివర్లో పేర్లు వస్తాయి చూడు, అందులోంచి కూడా తీసేస్తా. రాసిందే లేనప్పుడు పేరెందుకు?"

ఆమె కూర వడ్డించబోయి గరిటె గిన్నెలోనే వదిలేసింది. కంచంలో కూర పడలేదని ఆయన గమనించను కూడా లేదు.

ఆదివారం మధ్యాహ్నం వాన. గోడలు చెమ్మగిల్లి, ఆరని బట్టలన్నీ ఇల్లంతా వేలాడుతున్నాయి. ఆయన తలనొప్పి మాత్రలకని బజారుకి వెళ్ళాడు. ఎనిమిదేళ్ళ కూతురు ఏమీ తోచక స్టోర్ రూములో చేరి కీలు టకటకలాడించసాగింది.

"అమ్మా, వీడు నా మాట వినడంలే."

"వాడు ఎవరి మాటా వినడే. మీ నాన్న పోలిక."

"నువ్వు అటు సగం పట్టుకో, నేను ఇటు సగం."

రేపు పోయేవాడే కదా, ఓసారి సాగనంపుదాం అనుకుందేమో, కుర్చీ మీది బట్టలు కింద పెట్టి కూర్చుంది. కూతురు ఎడమ వైపు, ఆమె కుడి వైపు. తలా రెండు చేతులు, ఒక చెయ్యి కాలికి, ఒకటి భుజానికి. పిల్ల ఎడమ కాలు వేసింది. ఆమె కుడి కాలు వేసింది. పడలేదు.

"నువ్వు వెయ్యి," అంది పిల్ల. "ఇప్పుడు నాది. నీది. నాది. నీది!"

తూలుబాబు నడుస్తున్నాడు. తూలుతూనే, ఏదో బరువు మోసేవాడిలా ఒళ్ళు అటూ ఇటూ వేస్తూ, నిజం మనిషిలా నడుస్తున్నాడు. గుమ్మం దాటాడు. తలుపు తలుపులాగే తెరుచుకుంది.

నీది, నాది. వంటింట్లో నిలబడి ఐదేళ్ళు ఆమె విన్నది ఈ మాటలే. వాళ్ళు పోట్లాడుకోలేదు. నడిపించారు. ఇది మొదటి నుంచీ నాలుగు చేతుల ఆట. రెండు చేతుల్ని తనే పంపించేసి, మిగిలిన రెండు చేతులూ నడిపించలేకపోతున్నాయని ఆరేళ్ళు తప్పులు రాసింది.

"నాన్నా! తూలుబాబు నడిచాడు!"

ఆయన గుమ్మంలో తడిసిన గొడుగుతో నిలబడి ఉన్నాడు. ముఖంలో ఆశ్చర్యం లేదు.

"ఇద్దరాడితే నడుస్తాడు," అన్నాడు.

"మీకు తెలుసా?"

"నేను కట్టిన ఆట నాకు తెలియదా?"

"మరి ఇన్నాళ్ళూ..."

"ఇన్నాళ్ళూ ఒక్కడితో నడిపించాలని చూశా. వాడు పోయినంత మాత్రాన ఆగిపోతుందా అని." గొడుగు మూలకి ఆనించాడు. అది జారి పడింది. ఎత్తలేదు. "ఆగిపోయింది."

"కంపెనీ వాళ్ళకి చెప్పొచ్చుగా, ఇది ఇద్దరాడే ఆట అని?"

"చెప్పి? ఆ తలుపు ఎందుకు ఎగిరిందో నాకు ఇప్పటికీ తెలియదు. బాగుచెయ్యాలంటే వాడే రావాలి. ఉన్నట్టుండి సంచి సర్దుకు పోయినవాడి కాళ్ళు పట్టుకోమంటావా?"

"బాబాయి చెడ్డవాడా నాన్నా?" అంది పిల్ల. "పుట్టినరోజుకి మెసేజ్ పెడతాడుగా?"

"పెడతాడు. దానికేం, ఒక వేలు చాలు."

ఆమె పిల్లని పక్కింటికి ఆడుకోమని పంపింది. వెనక్కి వచ్చేసరికి ఆయన తెర వైపు చూస్తూ అలాగే నిలబడి ఉన్నాడు.

"తీసేసే ముందు నాతో ఒకసారి ఆడండి," అంది.

"ఏం, పుస్తకంలో పేజీలు మిగిలాయా?"

"ఒక్కటి మిగిలింది."

ఆయన ఎడమ వైపు కూర్చున్నాడు. ఆమె రెండో కుర్చీలో. ఈ కుర్చీలో ఆయన పక్కన ఆమె కూర్చోవడం ఇదే మొదటిసారి. ఎప్పుడు ఆడి చూసినా ఒంటరిగానే చూసింది. కుడి వైపు కీల మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి, ఎవరి వేళ్ళకో.

"నీది," అన్నాడు ఆయన, మెల్లగా, ఎన్నాళ్ళనుంచో వాడని మాటలా. "నాది. నీది."

ఇద్దరు దొంగల్ని దాటారు. ఆమె కత్తి ఊపితే అది ఆయన లాంతరుకే తగిలింది.

"శత్రువెవరో ముందు తేల్చుకో," అన్నాడు. పెదవి చివర చిన్న కదలిక. చాలాకాలానికి చూసింది.

వంతెన వచ్చింది. సగం దాకా పలకలున్నాయి. ఆ తర్వాత ఒక పలక, ఒక ఖాళీ. పైన తాడు. కత్తి మొలలో దోపి, కుడి పిడికిలితో తాడు పట్టుకుని, ఎడమ కాలితో పలక వెతుక్కోవాలి.

"ఆ కీ వదలకు. వదిలితే పోతాడు."

"వదలను."

"తమ్ముడు ఇక్కడికొచ్చాక తాడు పట్టుకుని నన్ను తిట్టేవాడు. త్వరగా కాలు పెట్టరా అన్నయ్యా, నా వేలు విరుగుతోంది అని." ఎడమ కాలు గాలిలో వెతుకుతోంది. "అంత వాగేవాడు ఉద్యోగమని ఒక్క ముక్క అని పోయాడు చూశావా. అంతకు ముందు రోజు వాడు రాసిన దేన్నో బాగాలేదన్నాను. తలుపు సంగతే అనుకుంటా. దానికే పోయాడా? ఇంకేమైనా అన్నానా? ఆరేళ్ళుగా గుర్తు చేసుకుంటున్నా. ఏమన్నానో గుర్తు రావట్లేదు."

ఆయన తమ్ముడి మీద కోపం మోస్తున్నాడని ఆమె అనుకుంది. దాని అడుగున ఇది ఉందని ఊహించలేదు.

"ఏమండీ."

"మాట్లాడకు. తాడు చూడు."

"తాడు పట్టుకునే ఉన్నా. మీరేం అనలేదు. నేనన్నాను."

ఆయన వేళ్ళు ఆగాయి.

"ఆ రోజు మీరు ఇంట్లో లేనప్పుడు చెప్పాను, వెళ్ళిపొమ్మని. నేనన్నట్టు మీకు చెప్పొద్దని కూడా చెప్పాను. చెప్పలేదు. మీరు ఆరేళ్ళు తిడుతున్నా చెప్పలేదు."

ఆయన చేతులు కీల మీద నుంచి లేచి ఒళ్ళో పడ్డాయి. తూలుబాబు ఎడమ సగం ఒక్కసారిగా చచ్చుబడింది. లాంతరు జారి లోయలోకి వెళ్ళింది. కుడి పిడికిలి ఒక్కటే తాడు పట్టుకుని ఉంది, ఆమె వేలి కింద. వాడు ఆ ఒంటి చేతికి వేలాడుతూ, అటూ ఇటూ, నెమ్మదిగా ఊగుతున్నాడు. మరిది ఎంత బాగా రాశాడో ఈ ఊగటం, అనుకుంది.



"ఎందుకు?" అన్నాడు. ఆమె వైపు చూడలేదు.

"ఒకరు లేస్తే రెండోవాళ్ళూ లేస్తారనుకున్నా. మీరు లేస్తారనుకున్నా. లెక్క తప్పింది."

"లెక్కా?"

ఆమె వేలు కీ మీద నొప్పి పుడుతోంది. తియ్యలేదు.

"లెక్క కాదు," అంది. ఆయన వైపు తిరిగి అంది. "తప్పు. నేను తప్పు చేశానండీ."