మెషిన్ ఛార్జీ

బరువులెత్తే గొలుసు తెగి ఇంజన్ బ్లాకు దబ్బున పడ్డప్పుడు ఓనరు పరుగెత్తుకొచ్చి ముందు బ్లాకును తడిమి చూశాడు. ఎక్కడన్నా పగిలిందేమోనని అంచుల వెంబడి వేలితో రాసి చూశాడు. ఆ బ్లాకు కింద బావ చెయ్యి నలిగిపోతోంది.

అది గేజన్న కళ్లారా చూశాడు.

గేజన్న అన్నది ఇంజన్ రిపేరు షాపులో వాళ్లు పెట్టిన పేరు. గ్లాసులో టీ కూడా గేజు పెట్టి కొలుచుకునే తాగుతాడని వాళ్ల వేళాకోళం. అరిగిపోయిన బ్లాకును బోరింగ్ మెషిన్‌తో లోపల తొలిచి, అందులో కొత్త స్లీవు, అంటే నున్నటి ఇనపగొట్టం, దించడం అతని పని. బావ అతని అక్క మొగుడు, పనిలో జోడీ. బావ బ్లాకును మంటతో వేడి చేసేవాడు. గేజన్న ఐసులోంచి స్లీవు తీసి ఒక్క ఊపున నిటారుగా దించేవాడు. చల్లదనానికి స్లీవు కుంచించుకుని, వేడికి బ్లాకు విచ్చుకుని ఉన్న ఆ కాస్త సేపట్లోనే అది అడుక్కి చేరాలి. నడిమధ్యలో చెయ్యి తడబడిందా, అక్కడే బిగుసుకుపోతుంది. ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా కదలదు.

గొలుసు అరిగిపోయిందని ఓనరుకి చెప్పి చెప్పి ఇద్దరికీ నోళ్లు నొప్పిపుట్టాయి. చివరికి బావ వేళ్లు పోయాయి. వేళ్లతోపాటు పనీ పోయింది.

మర్నాడు స్లీవు చేతిలోకి తీసుకుని, అలవాటుకొద్దీ "ఊఁ, కానీ బావా" అన్నాడు గేజన్న. ఎదుట ఖాళీ పీట. మంట గొట్టం పట్టుకుని, లేత్ మెషిన్ నడిపే పెద్దాయన నిలబడ్డాడు, తల పక్కకి తిప్పుకుని.

మధ్యాహ్నం అన్నాల దగ్గర గేజన్న అడిగాడు. "అందరం కలిసి వెళ్లి అడుగుదాం. వైద్యం చేయించమందాం. పని మళ్లీ ఇమ్మందాం. గొలుసు మార్చమందాం."

"అడిగితే ఇస్తాడా, తాతల నాటి బాకీలా?" అన్నాడు పెద్దాయన. "నా ఇంట్లో తినే నోళ్లు చాలా ఉన్నాయి గేజన్నా. నీకేం, ఒంటి పక్షివి."

ఆ మాట ముల్లులా దిగింది. నిజమే కాబట్టి మరీ లోతుగా దిగింది. గేజన్న డబ్బా మూత పెట్టేసి, ఒక్కడే ఓనరు గదిలోకి వెళ్లాడు.

ఓనరు గోడ మీద బోర్డు చూపించాడు. "చదువు. ఏం రాసుంది?"

"స్లీవు ఫిటింగ్, మెషిన్ ఛార్జీ."

"మనిషి ఛార్జీ అని ఎక్కడన్నా ఉందా? బండివాళ్లు డబ్బిచ్చేది నా మెషిన్‌కి. మీరు పక్కన నిలబడతారు, అంతే. నిలబడేవాడు వీడు కాకపోతే ఇంకొకడు."

గేజన్న బోర్డు ఇంకోసారి చదివాడు. "సరే సార్. పక్కనే నిలబడతాను."

వచ్చి, చేతులు కట్టుకుని బోరింగ్ మెషిన్ పక్కన నిలబడ్డాడు. బ్లాకు వేడెక్కింది, చల్లారింది. ఐసు కరిగి నీళ్లయింది. బండి కోసం వచ్చిన లారీ డ్రైవరు వింతగా చూశాడు. తోటివాళ్లు మాత్రం చూడలేదు. ఇన్నేళ్లు ఒకే కప్పు కింద చెమటోడ్చిన మనుషులు ఊరికి కొత్తవాడిని చూసినట్టు తప్పుకుని పోయారు. అంతమందిలో అంత ఒంటరితనం గేజన్నకు తన ఖాళీ ఇంట్లో కూడా ఎప్పుడూ తెలియలేదు.

బ్లాకులు కడిగే పిన్ని వచ్చి, బావ పీటను కొంగుతో తుడిచి అతని వెనక వేసింది.

"కాళ్లు లాగుతాయి, కూర్చో నాయనా."

"కూర్చోకూడదు పిన్నీ. నిలబడాలిట, ఓనరు మాట."

పిన్ని నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. కాస్టిక్ సోడా నీళ్లకు పొక్కిపోయిన తన చేతులు ఒకసారి చూసుకుంది. బ్రష్షు తొట్టిలో పడేసి, వచ్చి అతని పక్కన నిలబడింది.

"ఏంటీ నాటకం?" ఓనరు ఊడిపడ్డాడు. "మీరు లేకపోతే పని ఆగుతుందా? తాతా, మంట పెట్టు! స్లీవు నేనే దించుతా."

పెద్దాయన బ్లాకును వేడి చేశాడు. ఓనరు కొత్త ఐసులోంచి స్లీవు తీశాడు, సగం దాకా దించాడు, సరిగ్గా ఉందా లేదా అని ఒక్క క్షణం ఆగి చూశాడు. అంతే. స్లీవు బిగుసుకుపోయింది. సుత్తి పెట్టి బాదితే అంచు విరిగి చేతికొచ్చింది.

"దీనికి కూడా మెషిన్ ఛార్జీ వేస్తారా సార్?" అన్నాడు లారీ డ్రైవరు.

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన మంట ఆర్పి, తన లేత్ దగ్గరికి నడిచి, స్విచ్చి కట్టేశాడు. "ఇది మాత్రం నేను లేకుండా తిరుగుతుందేమో చూద్దాం" అన్నాడు. తర్వాత ఒక్కొక్క మోటారే ఆగింది.

"వేళ్లు పోయినాయనకి వైద్యం, పని, పైన కొత్త గొలుసు!" పిన్ని అరిచింది. "అవి వచ్చాకే మా చేతులు లేస్తాయి!"

లేచింది ముందు ఓనరు ఫోను. పోలీసులు వచ్చి, ఎగదోసినవాడు వీడేనని గేజన్న ఒక్కడినే పట్టుకుపోయారు.

స్టేషన్లో బల్ల మీద కూర్చోబెట్టారు. పొడవాటి బల్ల. దాని ఒక చివర తను. చేతులకు ఏం పని చెప్పాలో తోచక వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. అన్నీ ఉన్నాయి, సిగ్గుగా అనిపించింది. ఒక కానిస్టేబుల్ మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టాడు. ఆ పాటి దయకే గేజన్న కళ్లు చెమ్మగిల్లాయి.

సాయంత్రం వాకిట్లో గొడవ వినిపించింది.

"మిమ్మల్నెవరు పిలిచారు?" ఎస్సై గద్దించాడు.

"పిలిస్తే రావడానికి ఇదేమన్నా పెళ్లా?" అంది పిన్ని.

ఆమె వెనక పెద్దాయన. ఆయన వెనక కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని బావ. పక్క షాపువాళ్లు, ఆ పక్క షాపువాళ్లు, లారీ డ్రైవరు. గుమ్మం పట్టలేదు.

పెద్దాయన గేజన్న మొహంలోకి చూడలేకపోయాడు. వచ్చి బల్ల మీద అతన్ని ఆనుకుని కూర్చున్నాడు.

"కాస్త జరుగు" అన్నాడు. "ఇంకా వస్తున్నారు."