కుల్చారం ఖాళీకి లలిత దరఖాస్తు

లలిత తెచ్చిన కాగితాన్ని ఆశీర్వాదం సార్ రెండుసార్లు చదివాడు. కుల్చారం ఆరోగ్య కేంద్రంలో మిడ్‌వైఫ్ ఉద్యోగానికి దరఖాస్తు అది. తెలుగులో రాసి తెస్తే ఇంగ్లీషు చేసిపెడతానని ఆయనే చెప్పాడు. ఎల్లుండికల్లా సంగారెడ్డిలో జిల్లా డాక్టరు ఆఫీసుకు చేరాలి. అంటే ఇవాళ నాలుగింటికి పోస్టాఫీసు నుంచి వెళ్లే డాకులో పడాలి.

ఆ ఉద్యోగం ఖాళీ అయింది నాలుగు నెలల కింద, ఆయన భార్య జ్ఞానమ్మ చనిపోయినప్పుడు. ఆమె దగ్గరే పని నేర్చుకున్న లలిత ఆమెను అమ్మా అనే పిలిచేది. ఆ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

"ఇదేంది బిడ్డా? నౌకరికి రాసినవా, గుడి సంఘంల చేరేటందుకు రాసినవా?"

లలిత బాప్తిస్మం ఏ సంవత్సరమో, సండేస్కూల్లో ఎన్ని బహుమతులో, పెద్దగుడి పాటల బృందంలో ఎన్నేళ్లో అన్నీ ఉన్నాయి. కింద పాస్టరు గారి సంతకం. ఆ మిషన్ వాడలో ఎవరు ఉద్యోగానికి వెళ్లినా అలాగే రాసేవారు.

"మిషన్ దవాఖానకు గిట్లనే రాస్తరు గద సార్."

"ఇది సర్కారుది. ఆ డాక్టరు మన గుడికొస్తడా? నీ చేతికి ఏం పని వచ్చో గది గావాలె ఆయనకు." పెన్సిలుతో ఒక్కొక్క వాక్యమే కొట్టేస్తూ పాటల దగ్గరికి వచ్చాడు. "నువ్వు పాడితే పిల్ల బయటికొస్తదా?"

లలిత నవ్వు ఆపుకుంది. "వస్తది సార్. అమ్మ పాడమంటుండె."

పెన్సిలు ఆగింది. "జ్ఞానమ్మనా?"

"అవు సార్. ఒకపారి తండాల ఒకామెకు పొద్దటి సంది నొప్పులు. భయంతోని బిగదీస్కుంటుంది. అమ్మ చేతులు కడుక్కుంట, ఏదన్న పాడవే అన్నది. పాడిన. ఆమె మెల్లగ ఊపిరి దీసుడు వట్టింది. పిల్లకు పేగు మెడకు చుట్టుకొని ఉండె. అమ్మ చెప్తుంటే నేనే తప్పించిన."

గుడిలో అందరూ పాడుతుంటే పెదవులు మాత్రమే కదిపే మనిషి జ్ఞానమ్మ. ముప్పై ఏళ్లు పక్కన కూర్చుని కూడా ఆయనకు ఈ సంగతి తెలియదు.

"ఇది ఎందుకు రాయలే?"

"అమ్మ పేరు రాయాల్సొస్తది గద సార్. సదివేది మీరు."

ఆయన కాగితం తిప్పి, లలిత రాస్తున్నట్టుగా తానే రాయసాగాడు. నాలుగేళ్లు జ్ఞానమ్మ గారి వద్ద పనిచేశాను. వందకు పైగా కాన్పులు చూశాను. మెడకు పేగు చుట్టుకున్న బిడ్డను ఆమె ఎదుటే నా చేతులతో కాపాడాను. భయపడిన తల్లికి ధైర్యం చెప్పడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆమె మరణం వల్ల ఖాళీ అయిన స్థానానికి దరఖాస్తు చేస్తున్నాను.

ఆ చివరి వాక్యానికి కాస్త ఎక్కువసేపు పట్టింది.

"పాట సంగతి రాయరా సార్?"

"డాక్టరు పిలిచి అడిగితే పాడి చూపియ్యి."

ఇంగ్లీషులో అర పేజీ అయింది. లలిత గుండ్రని అక్షరాలతో తప్పులేకుండా ఎత్తిరాసింది. కవరు అంటించేసరికి మూడున్నర.

గడప దగ్గర ఆగి, "సార్, అమ్మ జాగల నేను పోతే మీకు..." అని నసిగింది.

ఆయన పెన్సిలు బల్ల మీద పెట్టాడు. "వేరే ఎవరన్న పోతే బాధైతది," అన్నాడు. "డాకుల ఏసి ఇటే రా. అమ్మ ఇంకేమేం చేస్తుండెనో చెప్దువు. చాయ్ పెడ్త."

"మీకు చాయ్ పెట్టొస్తదా సార్?"

"రాదు. నువ్వొచ్చి చెప్పు."

లలిత గబగబా నడిచింది. ఆయన వంటింట్లోకి వెళ్లి, చాయ్‌పత్తి ఏ డబ్బాలో ఉందో ఒక్కొక్క మూతా తీసి చూడడం మొదలుపెట్టాడు.